అంతరిక్షం పెట్టెతో దివిసీమకు

మాది కదిరి. మా వైపు వాన వస్తే జనం గొడుగులు తెరవరు, అరుగు మీదికొచ్చి నిలబడి చూస్తారు. అలాంటి ఊళ్ళో ఇరవై ఎనిమిదేళ్ళు ఫిజిక్సు చెప్పి రిటైరయ్యాను. ఇంట్లోనే కూర్చుంటే నా నోటికి ఇంట్లోవాళ్ళు బలైపోతారని, నాలాంటి రిటైరైన సైన్సు టీచర్లు కొందరూ, ఇద్దరు ముగ్గురు ఇంజనీర్లూ కలిసి నడిపే ఒక చిన్న కార్యక్రమంలో చేరాను. పని ఏమిటంటే, వ్యానులో ఒక పెద్ద పెట్టె వేసుకుని ఊరూరా తిరగడం. నీళ్ళ రాకెట్టు వదిలే చెక్క, సైకిలు పంపు, కూల్‌డ్రింకు డబ్బాలో అమర్చిన బుల్లి ఉపగ్రహం, అది పంపే కబుర్లు వినే రేడియో ఆ పెట్టెలో ఉంటాయి. వేరే సంచిలో ఒక చిన్న టెలిస్కోపు. పిల్లలూ టీచర్లూ వాటిని చేత్తో పట్టుకుని, విప్పి, బిగించి, పాడుచేసి, మళ్ళీ బాగుచేసి నేర్చుకోవాలి. రాకెట్టు బొమ్మ గీసి భాగాలు గుర్తించమనే చదువుకు ఇది విరుగుడని మా నమ్మకం.

ఈసారి మా వ్యాను కృష్ణా డెల్టాకు వెళ్ళింది. ముందు గుడివాడలో టీచర్లకు శిక్షణ, తర్వాత మచిలీపట్నంలో పిల్లలతో ఒక రోజు, చివరికి దివిసీమ. దివిసీమలో రెండు బళ్ళు పెట్టె కావాలని దరఖాస్తు పెట్టుకున్నాయి. మా దగ్గర ఇవ్వడానికి ఉన్నది ఒక్కటే పెట్టె. ఒక్కో బడి టీచరూ నా ముందు సొంతంగా నలభై నిమిషాల క్లాసు నడపాలి, పిల్లలందరి చేతా చేయించాలి. నేను ఫారం నింపి మా ఆఫీసుకు సిఫారసు చేయాలి. నన్ను పంపింది అందుకే. నాకు మొహమాటం తక్కువని మావాళ్ళ అభిప్రాయం.

నాకు తోడు మా డ్రైవరు ఓబులేసు. వ్యాను తోలతాడు, పంపు కొడతాడు, సోల్డరింగు కూడా చేస్తాడు. పని మధ్యలో నన్ను వెక్కిరిస్తాడు.

గుడివాడ: ధాన్యం బస్తాల మీద రాకెట్టు

మేం వెళ్ళేసరికి వరికోతలు. రోడ్డుకు రెండు వైపులా ధాన్యం ఆరబోసి, వచ్చే బండికీ పోయే బండికీ ఒక సందు మాత్రం వదిలారు. పొద్దున్నే మంచు. ఇంత నీళ్ళు, ఇంత పచ్చ ఒకేసారి చూస్తే మా సీమవాళ్ళకు ముందు సంతోషం, ఆ వెంటనే కాస్త అసూయ కలుగుతాయి. నాకు రెండూ కలిగాయి, దాచుకోను.

బస్టాండు దగ్గర హోటల్లో ఉప్మా పెసరట్టు తిన్నాం. అరవై రూపాయలు. అల్లప్పచ్చడి మూడోసారి అడిగినా సర్వరు మొహం మాడ్చుకోలేదు, "వేసుకోండి బాబాయిగారూ, అల్లప్పచ్చడి లేకుండా పెసరట్టేంటండీ" అంటూ ఓబులేసు ప్లేటులో ఇంకో గరిటె వేశాడు. ఓబులేసు బయటికొచ్చి, "మన ఊర్లో నా సొంత అల్లుడు గూడా నాకింత మర్యాద ఇయ్యలేదు మేడం" అన్నాడు. నిజమే. ఇక్కడ ప్రతి మాట వెనకా ఒక అండీ ఉంటుంది. ఆ మర్యాదే మా కొంప ముంచుతుందని అప్పుడు తెలియదు.

శిక్షణ ఒక కాలేజీ ఆవరణలో. నలభై మంది దాకా టీచర్లు వచ్చారు. పెట్టె తెరవగానే అందరూ చుట్టూ మూగి ఫోటోలు తీసుకున్నారు, ముట్టుకున్నవాళ్ళు మాత్రం ముగ్గురే. సీసాలో మూడో వంతు నీళ్ళు పోసి, చెక్క మీద బోర్లించి, పంపుతో గాలి కొట్టి తాడు లాగాలి. ఇంతే పని. ఒక్కొక్కరినీ పిలిచి చేయిస్తున్నాను. వెనక వరసలోంచి వచ్చిన ఒకావిడ పంపు అందుకుని, పక్కావిడ చేతిలో పెట్టేసి తప్పుకోబోయింది.

"ఏమ్మా, కొట్టండి" అన్నాను.

"నాది బయాలజీ అండీ" అందావిడ.

"బయాలజీ వాళ్ళకు చేతులుండవా?" అన్నాను. నలుగురూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు. పంపు తీసుకుని కొట్టింది. కోపంతో కొట్టిందేమో, సీసా కాలేజీ గోడ దాటి పక్కన రైస్‌మిల్లులో లారీకెక్కిస్తున్న బస్తాల మీద పడింది. ఆ మిల్లు హమాలీ మేస్త్రి సీసా పట్టుకుని గేటు దగ్గరికొచ్చాడు. గొడవ పెట్టుకుంటాడనుకుని నేను ముందే నోరు సవరించుకున్నాను. ఆయనేమో, "ఇంకోసారి వదలండి మేడమ్ గారూ, ఈసారి మావాళ్ళు పైకి చూస్తా ఉంటారు. మొదటిది ఎటునుంచి వచ్చిందో ఎవరికీ తెలవలేదంట" అన్నాడు. రెండోది వదిలాం. గోడవతల నుంచి ఈలలు వినిపించాయి.

భోజనాల దగ్గర ఆవిడే నా పక్కన వచ్చి కూర్చుంది. పేరు విజయకుమారి, నలభై ఏళ్ళుంటాయి. కాపురం అవనిగడ్డ. పనిచేసేది నాగాయలంక కూడా దాటాక, సముద్రం ఒడ్డు ఊళ్ళో ఉన్న సర్కారు హైస్కూల్లో. ఈ జూన్‌లోనే బదిలీ మీద అక్కడికి వెళ్ళిందట. పెట్టె అడిగిన రెండు బళ్ళలో ఒకటి అదే.

"మా వైపుకి ఏదొచ్చినా అవనిగడ్డ దాకా వచ్చి ఆగిపోతుందండీ," అంది అన్నం కలుపుతూ. "మా పిల్లల నాన్నలు ఉపగ్రహం చేపలున్నాయని చెప్పిన చోట వల వేస్తారు. తుఫానొస్తే ఉపగ్రహమే చెప్తే ఒడ్డుకొస్తారు. ఆ పిల్లలకేమో ఉపగ్రహం అంటే పుస్తకంలో ఒక బొమ్మ. ఈ పెట్టె మా బళ్ళోనే ఉండాలండీ. కానీ..."

"కానీ?"

"ఫిజిక్సు పోస్టు ఖాళీ అని నా మెడకు కట్టారు. పుస్తకంలో ఉన్నది చెప్తాను. అది దాటి పిల్లలు ఏదన్నా అడిగితే? టీచరుకు తెలీదని తెలిస్తే ఇంకేం పరువుంటుందండీ? అడగకుండా ఉండాలని గబగబా చెప్పేసి బెల్లు కోసం చూస్తుంటాను." 

నేను పొద్దున అన్న మాటకు క్షమించమనాలి. అనలేదు. గోంగూర ఇటు జరపమన్నాను. అది ఇప్పటికీ నన్ను గుచ్చుతూనే ఉంది.

బందరు: లడ్డూ సూర్యుడు

మచిలీపట్నాన్ని అక్కడ బందరనే అంటారు. మచిలీపట్నం బోర్డుల మీద మాటే. మర్నాడు ఒక మున్సిపల్ హైస్కూల్లో ఎనిమిదో తరగతి పిల్లలతో సౌరకుటుంబం కొలతలు చేయించాలి. దానికో సూర్యుడు కావాలి. మామూలుగా మేం బంతి వాడతాం. బందరొచ్చి బంతితో సూర్యుణ్ణి చేయడమేమిటని ఓబులేసే నన్ను మిఠాయి కొట్టుకు లాక్కెళ్ళాడు.

బందరు లడ్డూ బూందీ లడ్డూలా పలుకులు పలుకులుగా ఉండదు. బూందీని రోట్లో దంచి, బెల్లం పాకంలో కలిపి కడతారు, అందుకే మెత్తగా నునుపుగా ఉంటుంది. కొట్టాయనకు సంగతి చెప్పి, బాగా గుండ్రంగా ఉన్నది ఒకటి కావాలన్నాను. ఆయన ట్రేలో వెతికి, నచ్చక, లోపల్నుంచి పిండి తెప్పించి కొత్తగా కట్టించాడు. స్కేలు పెట్టి కొలిస్తే సరిగ్గా ఏడు సెంటీమీటర్లు. డబ్బులివ్వబోతే, "సూర్యుడికి డబ్బులేంటండీ. రేపు మా కొట్టు ముందు నుంచే ఆ ఊరేగింపు పోనివ్వండి, చాలు" అన్నాడు. ఇంటికి తీసుకెళ్ళడానికి అరకిలో వేరే కొన్నాను.

సూర్యుడు ఆ లడ్డూ అయితే భూమి ఒక గసగస గింజ. పది అంగల అవతల నిలబడాలి. గురుడు బఠాణీ గింజంత, యాభై అంగలు దాటాలి. నెప్ట్యూను మూడొందల అంగలు. పిల్లలు లెక్కలు కట్టుకుని, గింజలు అరచేతుల్లో పట్టుకుని రోడ్డు పక్కన బారులు తీరారు. కొట్టాయన బయటికొచ్చి శని దగ్గర నిలబడ్డాడు. అంతా సవ్యంగా ఉందనుకుంటుండగా భూమి పట్టుకున్న అమ్మాయి తుమ్మింది. భూమి పోయింది. తరగతి తరగతంతా దుమ్ములో మోకాళ్ళ మీద కూర్చుని భూమిని వెతికారు. దొరకలేదు. పొట్లంలోంచి ఇంకోటి తీసి టేపుతో చేతికి అంటించాను. ఆ పిల్ల మొహం చిన్నబుచ్చుకుని, "ఇది వేరే భూమి కదండీ" అంది.

నెప్ట్యూను దగ్గరున్న అబ్బాయి వెనక్కి తిరిగి చూసి, లడ్డూ అసలు కనబడటం లేదని అరిచాడు. అది నేను చెప్పాల్సిన పాఠం. వాడే చెప్పేశాడు. తిరిగొచ్చేసరికి సూర్యుడు ఒక పక్క కాస్త తరిగి ఉన్నాడు. పట్టుకున్న పిల్లను అడిగితే, ఎండకు నెయ్యి కారిపోతుంటే వృథా పోనివ్వడమెందుకని నాకిందట.

ఆ సాయంత్రం విజయకుమారి ఫోను చేసింది. పంపు ఎన్నిసార్లు కొట్టాలి, నీళ్ళెన్ని పోయాలి, తాడు ఎటు నిలబడి లాగాలి, అన్నీ మళ్ళీ అడిగి రాసుకుంది. చివర్లో, "పిల్లలు మామూలుగా ఏ ప్రశ్నలు అడుగుతారండీ?" అంది. ఓ పది చెప్పాను. వాటికి జవాబులు కూడా రాసుకుంది.

ఘంటసాల మీదుగా అవనిగడ్డ

మూడోరోజు పొద్దున దారిలో ఘంటసాలలో ఆగాం. బౌద్ధుల కాలం నాటి స్తూపం, చుట్టూ గడ్డి, ఆవల వరి పొలాలు. మేం తప్ప చూడ్డానికొచ్చినవాళ్ళు లేరు. కుప్పలు వేస్తున్న రైతు ఒకాయన దాహమేస్తుందా అని అడిగి కొబ్బరిబోండాలు కొట్టించాడు. మా వైపు దారినపోయేవాళ్ళకు మజ్జిగిస్తే గొప్ప మర్యాద. ఇక్కడ చెట్టెక్కి మరీ మర్యాద చేస్తున్నారు.

అవనిగడ్డలో, పెట్టె అడిగిన రెండో బడి చూశాం. ప్రైవేటు బడి. పెద్ద ఆవరణ, ప్రొజెక్టరు, తళతళలాడే ల్యాబు. అక్కడి మాస్టారు కుర్రాడు, చురుకైనవాడు. క్లాసు ఎక్కడా తడుముకోకుండా నడిపాడు. పిల్లలడిగిన ప్రతి ప్రశ్నకూ జవాబిచ్చాడు. నిజానికి ప్రశ్నలెవరు అడగాలో ముందే చెప్పి ఉంచినట్టుంది, వరసగా లేచారు. పంపు మాత్రం మాస్టారే కొట్టాడు. అయినా మంచి క్లాసేనని ఫారంలో రాశాను. ప్రశ్నలన్నిటికీ జవాబు చెప్పారా అన్న గడిలో "చెప్పారు" అని రాశాను.

సాయంత్రం నాలుగింటికి విజయకుమారి బడికి చేరాం. ఊరి పేరు రాయవద్దని ఆవిడ కోరింది, పేరు చదివి తనిఖీకి ఇంకెవరన్నా వస్తారని భయమట. పిల్లలు అప్పటికే ఇళ్ళకు వెళ్ళిపోయారు. బడి ఆవరణ చిన్నది, పైన కరెంటు తీగలు. రాకెట్టు వదలడం కుదరదు. ఊరి చివర సముద్రపు పాయ ఒకటుంది, దాని గట్టు దిగితే విశాలమైన బయలు. నేల గట్టిగా, పైన ఉప్పు తేలి తెల్లగా మెరుస్తోంది. నీళ్ళెక్కడో దూరంగా, ఉప్పునీళ్ళలో పెరిగే మడచెట్ల వేళ్ళ కింద. అంత చక్కటి మైదానం చూసి నా ప్రాణం లేచొచ్చింది.

"ఇక్కడ బాగుంటుందా?" అన్నాను.

"బాగానే ఉంటుందండీ, సాయంత్రాలు బస్సెక్కేటప్పుడు చూస్తుంటాను, పిల్లలు ఇక్కడే క్రికెట్ ఆడతారు" అంది విజయకుమారి.

పున్నమి పొద్దు

నాలుగో రోజు పొద్దున ఎనిమిదిన్నరకు వ్యాను గట్టు మీద ఆపాం. పెట్టె మొయ్యడానికి ఊళ్ళోవాళ్ళు ఇద్దరొచ్చారు. బయలు మధ్యకు తీసుకెళ్ళి దించబోతూ ఒకాయన, "ఇక్కడేనాండీ?" అన్నాడు.

"ఇక్కడే" అన్నాను.

నాలుగడుగులు వెళ్ళి మళ్ళీ వెనక్కొచ్చాడు. "ఇక్కడేనంటారా?"

నాకు చిర్రెత్తింది. "తెలుగులోనే చెప్తున్నాను కదయ్యా, ఇక్కడే." ఆయన తలూపి వెళ్ళిపోయాడు. 

గట్టు మీద ఎండుచేపల బుట్ట పక్కన ఒక ముసలావిడ కూర్చుని మమ్మల్నే చూస్తోంది. దండం పెడితే దండం పెట్టింది. చెక్క బిగించి, సీసాలు వరసగా పేర్చి, ఉపగ్రహం డబ్బా సిద్ధం చేసి, ప్రార్థన అయ్యాక పిల్లల్ని తీసుకొద్దామని అందరం బడికి వెళ్ళాం. హెడ్మాస్టరు గారు ఇడ్లీలు తెప్పించారు. కాదంటే బాగుండదని కూర్చున్నాం. మళ్ళీ వచ్చేసరికి పది కావస్తోంది.

బయలు లేదు. గట్టు దాకా నీళ్ళు. సీసాలు బాతుపిల్లల్లా తేలుతున్నాయి. చెక్క మడచెట్లలోకి కొట్టుకుపోయింది. పెట్టె మూడొంతులు మునిగి ఉంది. ఓబులేసు పంచె ఎగ్గట్టి మోకాళ్ళ లోతులో దిగి దాన్ని లాక్కొచ్చాడు. మూత తీస్తే ఉప్పునీళ్ళు కారాయి. ఉపగ్రహం, రేడియో, అన్నీ పోయాయి. వ్యానులో ఉన్న టెలిస్కోపు ఒక్కటే మిగిలింది.

"మేడం," అన్నాడు ఓబులేసు గొంతు తగ్గించి, "ఇది పోటంటారే, అదేనా?"

అదే. పున్నమికీ అమావాస్యకూ పోటు ఎక్కువని ఇరవై ఎనిమిదేళ్ళు బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెప్పాను. ఆ రోజు పున్నమని పొద్దున్నే క్యాలెండర్లో చూశాను కూడా. చదవేస్తే ఉన్న మతి పోయిందంటే ఇదే. 

గట్టు మీది ముసలావిడ లేచి దగ్గరికొచ్చింది. పేరు నాంచారమ్మ. తొమ్మిదో తరగతి దుర్గ అనే పిల్లకు నానమ్మ.

"నీళ్ళొస్తాయని మీకు తెలుసా?" అన్నాను.

"పున్నమి కదమ్మా, తెలవకేం."

"మరి చెప్పలేదేం?"

"సెందురుడి గురించి సెప్పేవోళ్ళంట కదా మీరు. మీకు తెలవదని ఎట్టా అనుకుంటాం? నీళ్ళొచ్చినాక అదే సూపిత్తారేమో అనుకున్నాం. మావోడు రెండు మార్లు అడిగాడంట గదా మిమ్మల్ని."

అప్పుడు అర్థమైంది. ఈ ఊళ్ళో అతిథికి తప్పు చెప్పరు, రెండోసారి అడుగుతారు. ఆ రెండోసారే తప్పు చెప్పడం. మా కదిరిలో అయితే "నీకేమన్నా మతుండాదా?" అని మొదటిసారే అనేవాళ్ళు, పెట్టె దక్కేది. నిన్నటిదాకా ముచ్చటపడిన మర్యాదను నాకు చదవడమే రాలేదు.

రిబ్బన్లు

ఈలోగా పిల్లలు ఈదుకుంటూ వెళ్ళి సీసాలు పట్టుకొస్తున్నారు, వాళ్ళకదో సంబరం. విజయకుమారి మాత్రం గట్టు మీద కదలకుండా నిలబడింది. చేతిలో నోటుపుస్తకం. అందులో పంపు లెక్కలు, పది ప్రశ్నలకూ పది జవాబులు. ఇక ఏవీ అక్కరకు రావు. సాయంత్రానికి మేం బయల్దేరాలి, మర్నాటికి ఫారం ఆఫీసుకు చేరాలి.

నేను పక్కకు తీసుకెళ్ళి చెప్పాను. "తప్పు నాది. గుడివాడలో మీరు రాకెట్టు వదలడం నేను చూశాను. బాగా చేశారని రాసేస్తాను."

ఆవిడ నావైపు చూసిన చూపు మర్చిపోలేను. "వద్దండీ. జాలిపడి ఇస్తే మా పిల్లలకు ఆ పెట్టె ముట్టుకోబుద్ధెయ్యదు, నాకూ వెయ్యదు." మళ్ళీ తనే, "నాకు నలభై నిమిషాలున్నాయి కదా?" అంది.

నోటుపుస్తకం మూసి ఓబులేసు చేతికిచ్చింది. పిల్లల్ని పిలిచింది.

"ఇవ్వాళ నీళ్ళొస్తాయని ఎవరెవరికి తెలుసు?"

ముందు ఎవరూ చెయ్యి ఎత్తలేదు, తిడుతుందేమోనని. తర్వాత ఒకటి, రెండు, మొత్తం చేతులన్నీ లేచాయి.

"నాకు తెలీదు. ఈ మేడమ్ గారికీ తెలీలేదు. మరి మీకెలా తెలుసు?"

దానితో మొదలైంది. ఇంకెంత ఎక్కుతుందని అడిగితే, నాంచారమ్మ నీళ్ళకేసి చూసి, "ఇంకో జానెడు" అంది. చూద్దామని విజయకుమారి పడవ గెడ ఒకటి తెప్పించి నీళ్ళంచున పాతించింది. సుద్దతో గీస్తే నిలవదు. ఒక పిల్ల జడ రిబ్బను విప్పి నీటిమట్టం దగ్గర కట్టింది. ఐదు నిమిషాలకోసారి ఒక పిల్ల రిబ్బను. అలా కడుతుండగా మధ్యలో వల తాడు తెప్పించి, ఒక పిల్లను భూమిగా నిలబెట్టి, చుట్టూ తాడు పట్టించింది. ఆ తాడే సముద్రం. చంద్రుడు దుర్గ. చంద్రుడు లాగితే దగ్గరున్నవాళ్ళు ఒక అడుగు ముందుకు రావాలి. పోటు వచ్చింది. పిల్లలు కేరింతలు కొట్టారు.

"నాలుగో రిబ్బను దగ్గరగా ఉందండీ" అన్నారెవరో. నిజమే. రిబ్బనుకూ రిబ్బనుకూ మధ్య ఎడం తగ్గుతోంది. నీళ్ళు ఎక్కడం నెమ్మదిస్తోంది. ఎందుకు నెమ్మదిస్తుందో విజయకుమారి వాళ్ళనే అడిగింది, చెప్పలేదు. వాళ్ళలో వాళ్ళే వాదించుకున్నారు.

అప్పుడు దుర్గ, చంద్రుడి చోట నిలబడే అడిగింది. "టీచరుగారూ, చంద్రుడు ఒక్కడే కదండీ. మరి రోజుకి రెండు పోట్లెందుకొస్తాయి? చంద్రుడు అటుపక్కకి పోయినా ఇటు పోటొస్తది కదండీ."

ఇది మా ఫిజిక్సు వాళ్ళకే చెమటలు పట్టించే ప్రశ్న. నేను చెప్పిన పదిలో లేదు. విజయకుమారి మొహం తెల్లబోయింది. నాకైతే జవాబు నాలిక చివర ఉంది. నోరు తెరిచాను.

"మీరు చెప్పకండి మేడమ్, ఇది నా క్లాసు" అంది ఆవిడ.

పిల్లలంతా ఆవిడవైపే చూస్తున్నారు. గుడివాడలో అన్నం కలుపుతూ ఆవిడ చెప్పిన భయం ఇదే.

"నాకు తెలీదు దుర్గా," అంది. "చాలా మంచి ప్రశ్న. నేను కనుక్కుంటాను, నువ్వూ కనుక్కో. రెండు పోట్లూ ఒకే ఎత్తు వస్తాయా? రాత్రి పోటు ఎవరు చూస్తారు?"

పరువు ఎక్కడికీ పోలేదు. "నేను చూస్తానండీ, మా నాన్న పడవ అక్కడే కడతాడు" అని ఐదారుగురు ముందుకొచ్చారు. దుర్గ మొహం వెలిగిపోయింది, టీచరుకు కూడా తెలియని ప్రశ్న తను అడిగిందని.

పదిన్నరకు నీళ్ళు నిలబడ్డాయి. నాంచారమ్మ తన జానతో కొలిచి చూసుకుని, రెండు వేళ్ళు తక్కువైందని ఒప్పుకుంది. రేపెప్పుడని విజయకుమారి అడిగితే, "రెండు గడియలు ఎనకబడుద్ది" అంది. గడియ ఇరవై నాలుగు నిమిషాలు. పిల్లలు వేళ్ళ మీద లెక్కేసి, రేపు పదకొండూ పద్దెనిమిదికని తేల్చారు. చంద్రుడు రోజుకు ఎంత ఆలస్యంగా ఉదయిస్తాడో నేను పుస్తకంలో చదివి నేర్చుకున్నాను. ఈవిడ చేపల బుట్ట పక్కన కూర్చుని నేర్చుకుంది. ఇద్దరి లెక్కకూ తేడా రెండు మూడు నిమిషాలు. 

పెట్టె పోయినందుకు బాధ పడకూడదని నాంచారమ్మ మాకు పండుగప్ప పులుసు పెట్టింది. మా ఊరికి చేప వచ్చేసరికి ఐసులో మూడు రోజులు ప్రయాణం చేసి ఉంటుంది, ఇది పొద్దున్నే పడిందట. ఓబులేసు ముక్కలన్నీ అయ్యాక కూడా లేవలేదు. విజయకుమారి పక్కనే కూర్చుంటే, గుడివాడలో అన్న మాటకు క్షమించమన్నాను. "ఆ కోపంతోనే కదండీ సీసా అంత దూరం పోయింది" అని నవ్వింది. 

ఫారంలో గడి

వ్యానులో కూర్చుని ఫారం తీశాను. పిల్లలందరూ చేశారా అన్న గడి నింపడం సులువే. ప్రశ్నలన్నిటికీ జవాబు చెప్పారా అన్న దగ్గర పెన్ను ఆగింది. అబద్ధం రాస్తే ఆవిడకు నచ్చదు. నిజం రాస్తే ఆఫీసువాళ్ళకు నచ్చదు, పక్కనే అవనిగడ్డ బడి ఫారంలో "చెప్పారు" అని నేనే రాసి పెట్టాను. చివరికి ఇలా రాశాను. "ఒక ప్రశ్నకు తెలియదని చెప్పారు. ఆ ప్రశ్న మీద ఆ తరగతి మొత్తం ఇప్పుడు పనిచేస్తోంది. పెట్టె ఈ బడికే ఇవ్వాలి. పెట్టె తడిపింది నేను." సంతకం పెట్టాను.

మర్నాడు దారిలో ఉండగానే దుర్గ వాళ్ళ దగ్గర్నుంచి కబురొచ్చింది. పదకొండూ ఇరవైకి నీళ్ళు నిలబడ్డాయట.

తర్వాత ఇరవై రోజులు కదిరిలో నేను ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. ఆఫీసులో మాటా మాటా అనుకున్నారని విన్నాను. పెట్టెను ఉప్పునీళ్ళలో పెట్టిన మనిషి సిఫారసు ఎలా నమ్ముతామన్నాడట ఒకాయన, న్యాయమే. చివరికి ఒక మధ్యాహ్నం ఫోను చేసి, కొత్త భాగాలు బిగించి పెట్టె ఆ సముద్రం ఒడ్డు బడికే పంపుతున్నామన్నారు.

నాకు కాళ్ళు నేల మీద నిలవలేదు. వెంటనే విజయకుమారికి ఫోను కలిపాను. ఎత్తింది. వెనక పిల్లల గోల, ఎవరో తాడు వదలొద్దని అరుస్తున్నారు.

"విజయకుమారి గారూ, మీకో మంచి మాట..."

"మేడమ్, ఒక్క పావుగంట ఆగి నేనే చేస్తానండీ," అంది ఆవిడ. "రెండో పోటు సంగతి దుర్గ ఏదో కనిపెట్టానంటోంది, నేనూ తాడు పట్టుకున్నాను. ఇప్పుడు వదిలితే మళ్ళీ మొదటికొస్తది." 

ఫోను పెట్టేసింది. నా సర్వీసులో నన్నెవరూ అంత హాయిగా ఆగమనలేదు. పావుగంట కాస్తా ముప్పావుగంట అయింది, నేను అలాగే ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.